జావాస్క్రిప్టు లూపులు – తెలుగు అక్షరములు

ఒకే పనిని పలుమారులు చేయించు నిర్మాణమునకు లూపు అని పేరు. 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టులో 'ఫర్' లూపు సాధారణముగా సున్న మొదలుకొని లెక్కించును. 'స్త్రీ' అను మాటలో మనకు కనబడునది ఒక్క అక్షరమే. లూపు మాత్రము ఆరుమారులు తిరుగును. మూడు హల్లులను, రెండు పొల్లులను, ఒక గుడిదీర్ఘమును యూనికోడు వేర్వేరు సంకేతములుగా నుంచుటయే దీనికి కారణము. 2015లో ప్రమాణమున చేరిన 'ఫర్ ఆఫ్' లూపుతోను ఫలమిదియే. సభ్యుల పట్టికలో చోటు చాలక 'కృష్ణ' అను పేరును నాలుగు సంకేతములకు కుదించినచో 'కృష్' మిగులును. పేరు గలవాడు సహించునా? కావున పదమును ముందు 'ఇంటల్ సెగ్మెంటర్' చేత విడదీయించి, పిదప లూపు నడపవలెను. 2023 నాటి యూనికోడు 15.1 నియమములను పాటించు బ్రౌజర్లలో 'స్త్రీ' ఒక్కటిగా నిలుచును. అంతకు పూర్వపు నియమములలో మూడు తునుకలగును.