రెటీనా ఊడితే చుక్కల మందుతోని ఆగది

కంట్ల మెరుపులు మెరుస్తున్నయా? నల్ల చుక్కలు ఒక్కసారే ఎక్కువైనయా? ఓ పక్క నుంచి పరదా దించినట్టు చీకటి కమ్ముతున్నదా? నొప్పి లేదు గదా అని ఊకోకుర్రి. కంటి లోపలి రెటీనా పొర ఊడుతున్నదేమో.

వెలుతురును పట్టే కణాలు రెటీనా వెనుక దిక్కు ఉంటయి. వాటికి ఆక్సిజన్, తిండి ఎక్కువగ అందేది దాని వెనుకనున్న రక్తనాళాల పొర నుంచే. రెటీనా ఊడితే ఆ సరఫరా దెబ్బతింటది. మడిలకెళ్లి పీకిన నారు లెక్క కణాలు చచ్చుడు షురూ అయితది. చచ్చినయి మళ్ల మొలువయి. అందుకే ఆపరేషన్‌తోని పొర మంచిగ అతుక్కున్నా కొందరికి చూపు మొత్తం రాదు.

ఆపరేషన్ అయ్యేదాంక కణాలను బతికించే మందు కోసం సైంటిస్టులు వెతుకుతున్నరు. ఎలుగుబంటి పైత్యరసంల ఉండే టుడ్కా అనే ఆమ్లం ఎలుకలల్ల కణాల చావును తగ్గించింది. కణాన్ని చావుమని చెప్పే ఫాస్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందు మనుషుల మీద పరీక్షలదాంక వచ్చింది. కానీ డాక్టర్ చీటీ మీద రాసిచ్చే మందు ఇంకా రాలే.

గందుకే ఆకు పసర్లు, మెడికల్ షాపు చుక్కలతోని దినాలు గడపకుర్రి. నడిమిట్ల ఉండే మాక్యులా ఊడకముందే ఆపరేషన్ అయితే చూపు దక్కే అవకాశం ఎక్కువ. ఎక్కువ మైనస్ అద్దాలున్నోళ్లు, కంటికి దెబ్బ తాకినోళ్లు, శుక్లాల ఆపరేషన్ అయినోళ్లు ఇంకా పైలం. ఆ దినమే కంటి దవాఖానకు పోయి, రెటీనా డాక్టర్‌కే చూపియ్యమని అడుగుర్రి.