జేబు టార్చి పాడి రైతుకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

పాడి పనిలో సగం చీకటిలోనే జరుగుతుంది. పాల కేంద్రం తెరిచే వేళకు పాలు చేర్చాలంటే తెల్లవారకముందే కొట్టంలోకి వెళ్ళాలి. సాయంకాలపు పాలు పోసి ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. ఇక చూడి గేదె ఈనే ఘడియ మన వీలు చూసుకుని రాదు. ఒకప్పుడు ఈ పనులన్నిటికీ లాంతరు, ఆ తరువాత రెండు పెద్ద సెల్లుల ఇత్తడి టార్చి వాడేవారు. ఇప్పుడు బొటనవేలంత లావున, జేబులో ఇమిడిపోయే చిన్న టార్చిలు ప్రతి పట్టణంలోనూ అమ్ముతున్నారు. వీటిని ఏ పనికి వాడవచ్చో, ఏ పనికి వాడకూడదో సభ్యులు తెలుసుకుని కొనడం మంచిది.

పాత టార్చి బల్బులో సన్నని తీగ వేడెక్కి వెలిగేది. ఖర్చయిన విద్యుత్తులో చాలా భాగం వేడిగానే పోయేది. ఒక వాట్‌కు 10, 15 ల్యూమెన్ల వెలుగు వస్తే గొప్ప. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపం అదే వాట్‌కు 100 ల్యూమెన్లు, ఇంకా ఎక్కువ కూడా ఇస్తుంది. నీలి కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని సాధించినందుకు జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ నీలి కాంతి మీద పసుపు పూత వేసి తెల్లని వెలుగు రాబడతారు. గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లు ఒక్కటి చాలు, వెనకటి పెద్ద టార్చిని మించిన వెలుగు వస్తుంది.

అయితే ఈ చిన్న టార్చికున్న అసలు సుగుణం అది ఎప్పుడూ మనిషి ఒంటిమీద ఉండడం. పెద్ద టార్చి గూట్లో ఉంటుంది. కరెంటు పోయినప్పుడు దాన్ని వెతకడానికి ఇంకో దీపం కావాలి.

ఇది ఎంత ముఖ్యమో పాముకాటు లెక్కలు చెబుతాయి. మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అంటే ఏటా సగటున 58 వేల మంది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాలలో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. సుమారు సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే సంభవించాయి. కట్లపాము రాత్రిపూట తిరిగేది. రక్తపింజర గడ్డిలో కదలక మెదలక పడి ఉంటుంది. కావున వామిలో గడ్డి దూయడానికి చెయ్యి పెట్టేముందు, కట్టెలపొయ్యి పక్కన పిడకలు తీసేముందు, క్యాను పట్టుకుని గట్టువెంట నడిచేటప్పుడు వెలుగు తప్పనిసరి. కాలికి రెండడుగుల ముందు నేల కనబడితే చాలు. అంతమాత్రం వెలుగుకు 10, 20 ల్యూమెన్లు సరిపోతాయి.

సెల్‌ఫోనులో దీపం ఉండగా ఇదెందుకని కొందరు అడుగుతారు. పేడ చేతులతో, తడి చేతులతో ఫోను పట్టుకోగలరా? పట్టుకున్నా, అది కుడితి తొట్టిలో పడితే దీపంతోపాటు ఫోనూ పోతుంది. రాత్రి గేదె ఈనలేక బాధపడుతుంటే పశువైద్యునికి కబురు చెయ్యవలసిన ఫోనులో ఛార్జి మిగిలి ఉండాలి గదా.

ఇక పాలు పితికే వేళ సంగతి. జేబు టార్చి ఈ పనికి పనికిరాదని గట్టిగా చెప్పాలి. పితకడానికి రెండు చేతులూ కావాలి. కాబట్టి చాలామంది టార్చిని పళ్ళతో కరచి పట్టుకుంటారు. కొట్టం నేల మీద దొర్లిన వస్తువు నోట్లోకి పోతుంది, నోటి చొంగ పాలలో పడుతుంది. చొక్కా పైజేబులో పెట్టుకుంటే వంగినప్పుడు జారి క్యానులో పడుతుంది. మెడకు తాడు కట్టి వేలాడదీస్తే గేదె కొమ్ముకు తగులుకునే ప్రమాదముంది. మగవారు నడుము దగ్గర జేబులోనూ, ఆడవారు రొండిన దోపుకునీ, పొట్టి తాడుతో బట్టకు ముడివేసుకోవడం మేలు.

పశువు సంగతి కూడా ఆలోచించాలి. చిన్న టార్చి వెలుగు సూటిగా, పదునుగా ఉంటుంది. పశువు కంటి వెనుక అద్దంవంటి పొర ఉన్నందున మసక చీకట్లో కూడా దానికి బాగా కనబడుతుంది. చీకటికి అలవాటు పడిన కళ్ళలో ఒక్కసారిగా వెలుగు కొడితే పశువు బెదురుతుంది. బెదిరిన పశువు చేపదు. పాలను చేపించే ఆక్సిటోసిన్ అనే హార్మోను కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. బెదురు పుట్టినప్పుడు వెలువడే అడ్రినలిన్ దానికి అడ్డుపడుతుంది. పొదుగులో పాలుండీ గిన్నెలోకి రావు. పాలు తీసే చోట పైకప్పుకు చిన్న బల్బు ఒకటి వేలాడదీయడమే సరైన ఏర్పాటు.

కాని పితకడానికి ముందు మొదటి ధారలు నల్లని పళ్ళెంలో పట్టి చూసే అలవాటున్నవారికి ఈ టార్చి పెద్ద బల్బు కంటే మేలు. వెలుగును పక్కనుంచి ఏటవాలుగా పట్టండి. పొదుగువాపు తొలిదశలో వచ్చే సన్నని తరకలు నల్లని పళ్ళెం మీద స్పష్టంగా కనబడతాయి. రంగు విషయంలో మాత్రం దీన్ని నమ్మవద్దు. చవక ఎల్.ఇ.డి. వెలుగులో ఎరుపు పాలు తక్కువ. పొదుగు ఎర్రబడిందా, కంటిపొర పాలిపోయిందా అన్నది పగటి వెలుగులోనే చూడాలి.

కొనేటప్పుడు పెట్టె మీద అంకెలు చూసి మోసపోవద్దు. టార్చిల కొలతలకు అమెరికాలో 2009లో ఎఫ్.ఎల్.1 అనే ప్రమాణం ఏర్పడింది. దాని ప్రకారం “వెలుగు పారే దూరం” అంటే నిండు పున్నమి వెన్నెలంత వెలుగు మాత్రమే మిగిలే దూరం. “వెలిగే కాలం” అంటే మొదటి వెలుగులో పదోవంతుకు తగ్గేవరకు పట్టే సమయం. చాలా చవక సరుకు ఈ పాటి ప్రమాణం కూడా పాటించదు. 300 ల్యూమెన్లు, 20 గంటలు అని పక్కపక్కన రాసి ఉంటే రెండూ ఒకేసారి దొరకవు. మీరే లెక్క చూసుకోవచ్చు. తిరిగి ఛార్జి చేసుకునే పెన్సిల్ సెల్లులో ఉండేది సుమారు 2.4 వాట్ గంటల శక్తి. 100 ల్యూమెన్లు కావాలంటే ఇంచుమించు ఒక వాట్ ఖర్చు. రెండు గంటలకు మించి ఎక్కడినుంచి వస్తుంది? పది ల్యూమెన్లతో సరిపెట్టుకుంటే రాత్రంతా వెలుగుతుంది. కాబట్టి మీట నొక్కగానే చిన్న వెలుగుతో మొదలయ్యే టార్చి తీసుకోండి. నొక్కినప్పుడల్లా మినుకుమినుకుమని కొట్టుకునే రకం కొట్టానికి ఎందుకూ పనికిరాదు. వానలో తిరిగేవారు ఐ.పి.ఎక్స్.4 గుర్తు ఉందో లేదో చూడాలి. నీళ్ళలో పడినా పాడుకాకూడదనుకుంటే ఐ.పి.ఎక్స్.7 కావాలి.

సెల్లుల విషయంలో ఒక హెచ్చరిక. పెన్సిల్ సెల్లంతే పొడవూ లావూ ఉన్న లిథియం సెల్లులు కూడా అమ్ముతున్నారు. మామూలు సెల్లు 1.5 వోల్టులు, ఇవి 3.7 వోల్టులు. చూడడానికి ఒకటేననిపించి ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే దీపం మాడిపోవచ్చు. లిథియం సెల్లును గడ్డివామి దగ్గర ఛార్జి పెట్టకండి. ఉబ్బినదాన్ని వాడకండి. చవక సెల్లులలో జింకు డబ్బాయే కొద్దికొద్దిగా కరిగి విద్యుత్తునిస్తుంది. అది పలచబడి చిల్లు పడితే లోపలి రసం కారి టార్చిని తినేస్తుంది. నెలకొకసారి మూత విప్పి చూడాలి.

అయిపోయిన సెల్లును పెంటకుప్పలో విసిరితే ఎరువుతోపాటు పొలానికి చేరి, మేతలో కలిసి మళ్ళీ మన కొట్టానికే వస్తుంది. గేదె మేతలో ఇనుప ముక్కను ఏరి పక్కన పెట్టదు, నాలుకతో చుట్టి మింగేస్తుంది. తాళపుచెవుల గుత్తికి తగిలించే మరీ చిన్న టార్చిలలో బిళ్ళ సెల్లులుంటాయి. వాటిని పసిపిల్లలకు అందనీయకండి. బిళ్ళ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోతుంది. మింగినట్లు అనుమానం కలిగినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.