పుదుచ్చేరి సొంత చెట్లు

బదిలీపై పుదుచ్చేరి వచ్చే మన కుటుంబాలకు ముందుగా నచ్చేవి ఇక్కడి వీధుల్లోని చెట్లు. అయితే విశాలంగా నీడపరిచే నిద్రగన్నేరు అమెరికా ఖండం నుంచి వచ్చింది. వేసవిలో ఎర్రగా పూసే తురాయి మడగాస్కర్‌ది. మరి ఈ నేల సొంత చెట్లేవి?

ఇంగ్లండుకు ఓక్ ఎలాగో ఈ తీరానికి పాల చెట్టు అలాగ అంటాను నేను. పాలపండ్లు తిన్నవారికి ఇది తెలిసే ఉంటుంది. పాల, అల్లి, నేరేడు వంటివి కలిసి పెరిగే ఈ అడవిని ‘పొడి సతత హరిత అడవి’ అంటారు. మన శ్రీహరికోటలోనూ ఇదే అడవి ఉంది. ఇక్కడ వర్షం ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. మిగతా నెలల్లో వాన తక్కువ. అయినా పాల చెట్టు పచ్చగానే ఉంటుంది. దాని చిన్న, దళసరి ఆకులు నీటిని పొదుపుగా వాడతాయి. పండ్లు పక్షులకూ గబ్బిలాలకూ ఆహారం. గింజలను దూరాలకు చేర్చేదీ అవే.

ఈ అడవి పోతే ఏమవుతుందో ఆరోవిల్ చెబుతుంది. 1968లో అది మొదలైనప్పుడు అక్కడంతా బోడి ఎర్రనేల. వానకు మట్టి కోసుకుపోయి సముద్రంలో కలిసేది. గట్లు వేసి నీటిని నిలిపారు. తొందరగా పెరిగే ఆస్ట్రేలియా తుమ్మ నీడలో స్థానిక జాతులను పెంచారు.

పాత అడవి ఆనవాళ్లు గుడి వనాల్లో మిగిలాయి. పట్టణానికి ఉత్తరాన పుదుపట్టు అయ్యనార్ గుడి చుట్టూ ఉన్న వనం అలాంటిదే. దేవుడి చెట్టు కొట్టకూడదన్న భయభక్తులే దానికి కాపలా.

2011 డిసెంబరు 30న ‘థానే’ తుపాను పట్టణంలో ఎన్నో చెట్లను కూల్చింది. ఆ ఖాళీల్లో ఏం నాటాలన్నది ఇప్పటికీ మన ముందున్న ప్రశ్నే.

అందుకే నాదొక సూచన. వన మహోత్సవం జూలైలో వస్తుంది. ఇక్కడ అసలు వానలు అక్టోబరులో మొదలవుతాయి. జూలైలో ఫొటో దిగి వదిలేస్తే మొక్క దక్కదు. తొలకరిని కాక ఈశాన్య రుతుపవనాన్ని చూసుకొని పాల, నేరేడు, అల్లి నాటుదాం. పాల నిదానంగా పెరుగుతుంది. మనకు మళ్లీ బదిలీ అయ్యేనాటికి నీడ ఇవ్వకపోవచ్చు. మన తర్వాత ఈ ఊరికి వచ్చేవారి పిల్లలు పండ్లు ఏరుకుంటారు.