వంత పాడే నీళ్లు

కార్తీక సోమవారం, తెల్లవారుజామున ఐదు గంటలు. విజయవాడలో కృష్ణ ఒడ్డున మెట్ల మీద కాలు పెట్టడానికి చోటు లేదు. అరటిదొప్పల్లో వత్తులు వెలిగించి నీళ్లలోకి నెడుతున్నవాళ్లు, చెంబెడు నీళ్లు నెత్తిన పోసుకుని అదే నదీస్నానమనిపించేవాళ్లు, ముక్కు మూసుకుని మూడు మునకలు లెక్కపెట్టుకునేవాళ్లు. పై మెట్ల మీద మా అమ్మ వాళ్ల భజన సమాజం. పదిమంది ఆడవాళ్లు, ఇద్దరు పెద్దాయనలు, ఒక హార్మోనియం పెట్టె. కింది మెట్ల మీద మేం ఏడుగురం. నడుముకు నారింజరంగు గాలిబుడగలు కట్టుకుని, దవడలు టకటకలాడుతుంటే తూర్పుకేసి చూస్తున్నాం. వెలుతురు రాందే నీళ్లలో దిగకూడదన్నది మా ఈత మాస్టారు పెట్టిన మొదటి కట్టు. పక్కన పడవ లేందే దిగకూడదన్నది రెండోది.

“దిగేటప్పుడు గోవిందా అనుకోరా” అంది అమ్మ పైనుంచి.

“అనుకుంటే చాలదమ్మా, గట్టిగా అనమనండి. లోపలున్న గాలి బయటికి రావాలి” అన్నారు మాస్టారు.

అమ్మ నవ్వింది. “మా భజన గురువుగారూ అదే అనేవారు.”

ఈ కథనానికి ఆ మాటే మూలం. ఒకటి చొక్కా విప్పి చేసేది, ఇంకోటి నెత్తిన కొంగు కప్పుకుని చేసేది. ఈతకూ భజనకూ చుట్టరికం ఏమిటని నేనూ అనుకునేవాణ్ని.

గాలి బిగబట్టినవాడు

నేను ఈత నేర్చుకున్నది నలభయ్యారో ఏట. మా ఊళ్లో నా ఈడు పిల్లలంతా వీపుకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని దిగుడుబావిలో నేర్చేసుకున్నారు. నన్ను మాత్రం అమ్మ బావిగట్టు ఎక్కనిచ్చేది కాదు. ఆమె తమ్ముడొకడు పదకొండేళ్ల వయసులో కాలవలో పోయాడు. ఇంట్లో ఎవరూ ఆ మామయ్య పేరెత్తేవాళ్లు కారు. పేరు లేని ఆ భయమే నాకు ఆస్తిగా వచ్చింది.

ఈత కొలనులో మొదటి పది రోజులూ నేను చేసింది ఒక్కటే. రొమ్ము నిండా గాలి పీల్చి, పెదాలు బిగించి, మెడ నిక్కించి, రాయిలా మునగడం. మాస్టారు విసుక్కోలేదు. “ఊదు బాబూ, ముందు ఊదు. పీల్చడం దానంతటదే వస్తుంది” అంటూ నీళ్లలో బుడగలు ఊదించారు, చిన్నపిల్లాడితో చేయించినట్టు.

ఆయన మాటలో ఉన్న శాస్త్రం నాకు తర్వాత తెలిసింది. మనిషి ఒళ్లు నీటికంటే పెద్ద బరువేమీ కాదు, దాదాపు సమానం. ఊపిరితిత్తుల్లో గాలి ఉన్నంతసేపూ చాలామంది ఊరకే తేలగలరు. మరి ముంచేదేమిటంటే, కంగారు. భయపడ్డవాడు చేతులు పైకెత్తుతాడు. నీటిని దాటి పైకొచ్చిన చేతికి నీటి ఊతం ఉండదు, ఆ బరువంతా తలను కిందికి తొక్కుతుంది. ఇక ఊపిరి సంగతి. గాలి బిగబట్టినప్పుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. ప్రాణవాయువు ఇంకా మిగిలే ఉన్నా, పేరుకున్న ఆ బొగ్గుపులుసును చూసే మెదడు ముందుగా గగ్గోలు పెడుతుంది. అంటే నీళ్లలో మనల్ని హడలగొట్టేది మనం వదలకుండా దాచుకున్న గాలే. పైగా చల్లని నీళ్లు మొహానికి తగిలి, ఆ కాసేపు ఊపిరి ఆగినప్పుడు గుండె తనంతట తాను నెమ్మదిస్తుంది. ఒంట్లోనే ఉన్న ఏర్పాటది, సీలుకూ తిమింగలానికీ ఉన్నదే మనకూ కాస్త ఉంది. కంగారుపడకుండా ఉంటే చాలు, అది పనిచేస్తుంది.

ఏడుగురం కలిసి ఈదడం మొదలుపెట్టాక ఇంకోటి అర్థమైంది. ముందువాడు చీల్చిన నీళ్లలో వెనకవాడికి శ్రమ తక్కువ. అందుకే వంతులవారీగా ముందుకెళతాం. చెప్పుకోకపోయినా కాసేపటికి చేతులన్నీ ఒకే లయలో పడతాయి. ప్రకాశం బ్యారేజీ డెబ్బై గేట్లూ మూసి ఉంటే దాని వెనక కృష్ణ చెరువులా నిలకడగా ఉంటుంది. ఆ నిలకడలో ఈదుతుంటే చెవులు నీళ్లలో ఉంటాయి కనుక ఒడ్డున భజన వినపడదు. ఊపిరికి తల తిప్పినప్పుడు మాత్రం ఒక ముక్క వినిపిస్తుంది. మళ్లీ నీళ్లు. మళ్లీ ముక్క. గంటసేపు కీర్తన అలా ముక్కలు ముక్కలుగా అందుతుంది. మధ్యలో ఖాళీలు మన ఊపిరితో నిండుతాయి. అంత బాగా నేను ఏ కచేరీలోనూ పాట వినలేదు.

పాట నేల మీద పడకూడదు

మా ఊరి రామమందిరంలో ఏటా ఏకాహం జరిగేది. ఇరవైనాలుగు గంటలు తెగకుండా నామం. నాలుగు జట్లు, జట్టుకు కొన్ని గంటలు. పాత జట్టు లేవకముందే కొత్త జట్టు గొంతు కలపాలి. “పాట నేల మీద పడకూడదు” అనేవాళ్లు. అర్ధరాత్రి రెండు గంటల జట్టుకు ఎవరూ ముందుకొచ్చేవాళ్లు కారు. అమ్మ ఎప్పుడూ దాన్నే అడిగి పుచ్చుకునేది. తమ్ముడు పోయిన ఏడే ఆమె భజనలో చేరిందని నాకు ఈమధ్యే తెలిసింది. ఏడవడానికి అదొక్కటే చోటట. తాళాల మోతలో ఎవరికీ వినపడదు.

భజన కూర్పు చిన్నదే కానీ తెలివైనది. ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగతావాళ్లు వంత అందుకుంటారు. వంత సాగినంతసేపూ ఎత్తుకున్నవాడు గాలి పీల్చుకుంటాడు. వాడు పాడుతుంటే వీళ్లు పీల్చుకుంటారు. ఎవరూ అలిసిపోరు, పాట ఆగదు. గొంతు బాగాలేనివాడు కూడా వంతలో కలిసిపోతాడు. మైకులు వచ్చాక ఇది చెడింది. నలుగురు పాడతారు, ఊరంతా వింటుంది, వంత మాయమైంది. నన్నడిగితే మైకు పెట్టిన భజన భజనే కాదు.

పాడటమంటే ఊపిరి పొదుపుగా వదలడమే. పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. వేగస్ నాడి చేసే పని అది. వదిలే సమయం ఎంత సాగితే గుండెకు అంత తెరిపి. 2001లో ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయానికి చెందిన లూచియానో బెర్నార్డి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన ప్రచురించింది. క్రైస్తవుల జపమాల ప్రార్థన చేసినా, బౌద్ధుల మంత్రం చదివినా ఊపిరి నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి వచ్చిందని తేల్చారు. మామూలుగా అయితే అది పన్నెండుకు పైనే ఉంటుంది. రెండు మతాల ప్రార్థనలూ ఒకే అంకె దగ్గరికి చేరాయన్నమాట. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బ్యోర్న్ విక్‌హాఫ్ బృందం మరో సంగతి చూపించింది. కలిసి పాడేవాళ్ల గుండె వేగాలు కూడా కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. కారణం మహిమేమీ కాదు. అందరూ ఒకేచోట ఊపిరి వదులుతారు, అంతే.

ప్రశాంతత అంటే కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోవడమని మనకెవరో నూరిపోశారు. కూర్చుంటే నాకు కరెంటు బిల్లు గుర్తొస్తుంది. భజన నిశ్శబ్దం కాదు, చెవులు గింగుర్లెత్తే చప్పుడు. ఈత విశ్రాంతి కాదు, భుజాలు లాగే పని. అయినా రెండూ అయ్యాక మనసు ఒకేలా ఉంటుంది, కడిగి బోర్లించిన గిన్నెలా.

కాళింది నుంచి కృష్ణ దాకా

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. భాగవతం దశమ స్కంధంలో గొల్లపిల్లలు మార్గశిరంలో కాత్యాయనీ వ్రతం పట్టారు. వేకువనే ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకుని, చేతులు పట్టుకుని, కృష్ణుణ్ని గొంతెత్తి పాడుకుంటూ కాళిందికి, అంటే యమునకు, వెళ్లారు. నీళ్లలో ఆడుతూ కూడా పాడారు. మనకు గుర్తున్నది మాత్రం చీరలెత్తుకుపోయిన ఘట్టం. క్యాలెండర్లవాళ్లు అచ్చువేసిందీ అదే. పాటనూ ఈతనూ అందరూ మర్చిపోయారు. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు వినిపించే తిరుప్పావైలోనూ ఇదే ఊహ. ఆండాళ్ తన తోటి అమ్మాయిలను ఒక్కొక్కరినే నిద్రలేపి స్నానానికి పిలుస్తుంది. ఒక్కతే వెళ్లదు.

త్యాగరాజు రాసిన నౌకాచరిత్రమూ నీళ్ల కథే. యమునలో పడవెక్కిన గోపికలకు కాస్త గర్వం వచ్చింది. గాలివాన వచ్చింది, పడవకు చిల్లు పడింది. కట్టుబట్టలు కుక్కినా నీళ్లాగలేదు. అందరూ కలిసి కృష్ణుణ్ని తలుచుకున్నాక పడవ ఒడ్డుకు చేరింది. ఆయన సమాధి ఉన్న తిరువైయారులో ఏటా పుష్య బహుళ పంచమినాడు కావేరి ఒడ్డున వందలమంది విద్వాంసులు పక్కపక్కనే కూర్చుని పంచరత్నాలు పాడతారు. ఆ రోజు పెద్ద విద్వాంసుడు కూడా వంతలో ఒకడే.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది నారాయణ తీర్థుల కథ. మంగళగిరి దగ్గరి కాజ ఆయన ఊరంటారు. పదిహేడో శతాబ్దం. జనం చెప్పుకునే కథ ప్రకారం ఆయన అత్తవారి ఊరికి వెళుతూ కృష్ణలో దిగాడు, నడిమధ్యన వరద ముంచుకొచ్చింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఒడ్డున నిలబడ్డవాళ్లకు ఆ నడిమధ్య అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చావు ఖాయమనుకుని ఆయన అక్కడికక్కడే ఆతుర సన్న్యాసం తీసుకున్నాడట. ఇల్లు, ఆలు, పేరు, అన్నీ నీళ్లలో వదిలేశాడు. వదలగానే నది దారిచ్చింది. సన్న్యాసి అయిన ఆ మనిషి తర్వాత తమిళనాట వరహూరు చేరి కృష్ణలీలా తరంగిణి రాశాడు. అందులో పన్నెండు అధ్యాయాలు ఉన్నాయి. వాటికి ఆయన పెట్టిన పేరు తరంగాలు. అల దెబ్బ తిన్నవాడు పాటను అల అన్నాడు. కూచిపూడివాళ్లు ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడేది ఆ తరంగాన్నే. దక్షిణాది భజన పద్ధతిలో నేటికీ గుంపుగా పాడుకునేవీ అవే.

తమాషా ఏమిటంటే, కూచిపూడి ఆద్యుడు సిద్ధేంద్ర యోగికీ ఇదే కథ చెబుతారు. అదే కృష్ణ, అదే వరద, అదే సన్న్యాసం. ఎవరిది ఎవరికి అంటుకుందో పండితులు తేల్చుకోనీ. ఈ ఒడ్డున కథలకూ ఈత వచ్చు. నాకు మాత్రం ఆ కథలో మాస్టారి గొంతే వినిపిస్తుంది: ఊదు బాబూ, ముందు ఊదు.

ఒంటరి దూరాలు

ఈతను ఒంటరిగా చాలాదూరం మోసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. గోలి శ్యామల నీళ్లంటే భయం పోగొట్టుకోవడానికి నలభై దాటాక ఈత మొదలుపెట్టి, 2021 మార్చిలో శ్రీలంక వైపు నుంచి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో దాటారు. విశాఖ నుంచి కాకినాడ దాకా సముద్రంలో 150 కిలోమీటర్ల ఈతను 2025 జనవరిలో ముగించారు. దూరపు ఈతనూ భక్తినీ కలిపినవాళ్లూ ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో రాపర్స్‌విల్ నుంచి జ్యూరిక్ దాకా సరస్సులో 26.4 కిలోమీటర్ల ఈత జరుగుతుంది. దాన్ని నడిపేది శ్రీ చిన్మయ్ శిష్యుల బృందం. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో పెరిగి 1964లో న్యూయార్క్ చేరిన ఆ బెంగాలీ గురువు వేల భక్తిపాటలు కట్టాడు. పరుగునూ ఈతనూ కూడా ధ్యానంతో సమానమైన సాధనగా శిష్యుల చేత చేయించాడు. మన మఠాలకు ఇది వింతగా తోచవచ్చు. కాళింది గుర్తున్నవాళ్లకు తోచదు.

గొలుసు పట్టుకున్న చేతులు

ఇంత చెప్పాక ఒక చేదు మాట. నదిని తల్లీ అని పాడే మనలో ఎక్కువమందికి ఆ తల్లి ఒళ్లో పది గజాలు కదలడం రాదు. ఘాట్‌లో గొలుసు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, మునిగి లేస్తాం. దేశంలో నీట మునిగి చనిపోయేవారు ఏటా ముప్పై వేలకు పైనే. ఆడపిల్లలకు సంగీతం మాస్టారిని పెట్టిన ఇళ్లు ఉన్నాయి, ఈత మాస్టారిని పెట్టిన ఇళ్లు అరుదు. భక్తి ఉంటే నీళ్లు చూసుకుంటాయన్న ధీమా నాకు నచ్చదు. నారాయణ తీర్థులు కూడా ముందు నడిమధ్య దాకా ఈదాకే సన్న్యాసం తీసుకున్నాడు.

పోయిన వేసవి నుంచి అమ్మ కొలనుకు వస్తోంది, ఆడవాళ్ల వేళలో. వయసు డెబ్బయ్యొకటి. రొమ్ములోతు దాటదు. ఒక చేత్తో అంచు కడ్డీ పట్టుకుని, మొహం నీళ్లలో పెట్టి, గోవిందా అంటూ బుడగలు ఊదుతుంది. బయటికొచ్చి, పక్కనున్న ముగ్గురు భజన సమాజం ఆడవాళ్లతో, “ఇది వంతలాగే ఉందే” అంటుంది. ఒకరోజు మొహం తుడుచుకుంటూ తమ్ముడి పేరు చెప్పింది. యాభై ఏళ్లలో ఆ పేరు ఆమె నోట వినడం నాకదే మొదలు.

గోదావరి పుష్కరాలు 2027లో, కృష్ణా పుష్కరాలు 2028లో. ఆ రోజుల్లో లక్షలమందితో కలిసి నీళ్లలో దిగబోయే ప్రతి భజన సమాజానికీ ఒక మనవి. తాళాలు, చిడతలు సిద్ధం చేసుకునేలోపు మీలో కనీసం నలుగురు ఈత నేర్చుకోండి. అనుభవమున్న మాస్టారి దగ్గర, కొలనులో, రోజుకో గంట. ఒంటరిగా నదిలోకి దిగకండి, గేట్లు ఎత్తినప్పుడు అసలే వద్దు. మొదటి రోజు ఏం చేయాలో మీకు ఇప్పటికే తెలుసు, నోరు తెరిచి గట్టిగా పాడటమే.