ఊరే సాంఘిక పాఠం: చెప్పే అయ్యవారికి చేయూత కావాలి

కాణిపాకం: వరసిద్ధి వినాయకుని దర్శనానికి రోజూ ఎక్కడెక్కడి జనమో ఈ ఊరికి వస్తుంటారు. ఈ గుడి ఏ కాలం నాటిది, కట్టించిన రాజెవరు, ఆ సంగతి మనకెలా తెలిసింది అని పిలకాయలను అడిగితే ఎందరు చెప్పగలరు? హరప్పా గురించి అడిగితే నాలుగు ముక్కలు అప్పజెప్పేవారు సొంత ఊరి దగ్గరికి వచ్చేసరికి తడుముకుంటారు. లోపం పిల్లలది కాదు. పుస్తకానికీ ఊరికీ ముడి వేయవలసింది సాంఘిక శాస్త్రం అయ్యవారు. ఆ పనికి తగిన శిక్షణ, సామగ్రి ఆయనకు అందాలి.

నాలుగు శాస్త్రాలు, ఒకే అయ్యవారు

సాంఘికం అంటే చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ కలిసినది. డిగ్రీలో చరిత్ర చదివినవారు పటాల స్కేలు చెప్పాలి. అర్థశాస్త్రం చదివినవారు చోళుల సంగతి చెప్పాలి. ఒకసారి బి.ఎడ్. పట్టా పుచ్చుకుంటే ఉద్యోగమంతా సరిపోతుందనుకోవడం పొరపాటు. 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిపోయింది. తిరుపతి, చంద్రగిరి కొత్త జిల్లాలోకి వెళ్లాయి. బడి గోడకు పాత పటమే వేలాడుతుంటే అది రోజూ తప్పు పాఠమే చెబుతుంది.

అనుభవం మనకు లేకపోలేదు

శిక్షణ మాట రాష్ట్రానికి కొత్త కాదు. బ్రిటన్ సహాయంతో 1980 దశకంలో మొదలై 1996 వరకు సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయుల కోసం ఆరు బోధనా సూత్రాలు పెట్టుకుంది. స్థానిక పరిసరాలను పాఠానికి వాడుకోవడం వాటిలో ఒకటి. చుట్టుపక్కల అయ్యవార్లు కలిసి పాఠాలు తయారు చేసుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు కూడా వెలిశాయి. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత వచ్చిన డైట్ సంస్థల్లో ఒకటి కార్వేటినగరంలో ఉంది.

మదనపల్లె సమీపాన ఋషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చేసిన పని మరీ చెప్పుకోదగ్గది. ఒకే గదిలో అన్ని తరగతులూ కూర్చునే పల్లె బడుల కోసం పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఒక పెట్టెలో అమర్చి ఇచ్చారు. ఊరి కథలు, పాటలు, చెట్టూ చేమా అందులో చోటు చేసుకున్నాయి. మైసూరు జిల్లా హెచ్.డి. కోట అయ్యవార్లు 1995లో వచ్చి చూసి వెళ్లి, కర్ణాటకలో ‘నలి కలి’ పద్ధతికి నాంది పలికారు. పొరుగు రాష్ట్రం వారు మన వద్ద నేర్చుకున్నది మన ఊరి బడికి ఎందుకు పనికిరాదు?

కాణిపాకంలో ఏముంది?

గుడిని 11వ శతాబ్దిలో కుళోత్తుంగ చోళుడు కట్టించాడని, 1336లో విజయనగర రాజులు పెంచారని ప్రతీతి. విజయనగరం పుట్టిందీ 1336లోనే అని పుస్తకం చెబుతుంది. రాజ్యం పెట్టిన ఏడే ఇంత దూరాన గుడి పెంచారా అని ఒక పిల్ల అడిగితే కోప్పడకూడదు. చరిత్ర పాఠం అక్కడే మొదలవుతుంది. స్థలపురాణం వేరు, శాసనం వేరు అని, రెండింటికీ గౌరవం తగ్గకుండా చెప్పడం అయ్యవారికి తెలిసి ఉండాలి. శాసనంలోని శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందన్న చిన్న లెక్క పిల్లలకు ఎంతో ఉత్సాహమిస్తుంది.

కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అన్న మాట జిల్లాలో వినని వారు లేరు. పౌరశాస్త్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. నేటి కోర్టులో కూడా సాక్షి ప్రమాణం చేసే నోరు విప్పుతాడు. అయితే అక్కడ ప్రమాణంతోనే తీర్పు రాదు. సాక్ష్యాన్ని పరీక్షిస్తారు, ఎదుటివారి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ తేడా తెలిసిన పిల్లవాడు రేపు మంచి పౌరుడవుతాడు.

భూగోళానికి రెవెన్యూ గ్రామ పటం ఉంది. తన చేను, బాహుదా నది, చెరువు, బాట అందులో గుర్తించిన పిల్లలకు దేశ పటం భయం పుట్టించదు. అర్థశాస్త్రానికి చెరుకు తోట, బెల్లం గానుగ ఉన్నాయి. కూలి, కట్టెల ఖర్చు, మండీలో ధర, దళారి కమీషన్ రైతునే అడిగి పలకమీద లెక్క వేయవచ్చు.

చేయవలసినది

ఇందుకు లక్షలు అక్కరలేదు. కాంప్లెక్స్ సమావేశాల్లో సాంఘికానికి ఒక పూట విడిగా కేటాయించి, తలా ఒక ఊరి పాఠం తెచ్చి పంచుకుంటే ఏడాదిలో మండలానికొక పాఠాల పెట్టె తయారవుతుంది. ప్రతి బడికి కొత్త జిల్లా పటం, గ్రామ పటం నకలు అందాలి. చంద్రగిరి రాజమహల్ మ్యూజియంకు అయ్యవార్లను ముందు ఒకసారి తీసుకువెళితే, పిల్లలను తర్వాత వారే తీసుకువెళతారు. జాబితాలు, రిజిస్టర్ల పనితో వారి కాలం హరించుకుపోకుండా చూడడం అధికారుల వంతు.

పాఠశాల యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులకు స్థానం ఉంది. సమావేశంలో గోడలు, మరుగుదొడ్లతోపాటు సాంఘికం అయ్యవారికి ఏం కావాలో కూడా అడగాలి. పాత పత్రాలు, శాసనాల ఆనవాళ్లు, కరువు కాలపు జ్ఞాపకాలు ఉన్న పెద్దలు ఒక పూట బడికి వెళ్లి చెబితే చాలు. ఆ పెద్దలతోపాటే ఊరి చరిత్ర కూడా పోకముందే ఈ పని జరగాలి.