సెలవునాడు పత్తి ధర సున్నా అవుతుందా?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనుగోళ్లు ముగిశాక, సాయంత్రానికి మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో మూడు అంకెలు తిరుగుతాయి. గరిష్ఠం, కనిష్ఠం, మధ్యస్థం. ఇంట్లో పత్తి కుప్ప పోసుకుని కూర్చున్న రైతుకి అవి చాలవు. పదిహేను రోజులుగా ధర ఎక్కుతోందా, దిగుతోందా? రేపే ట్రాక్టర్ మాట్లాడుకోవాలా, ఇంకో వారం ఆగాలా? ఆయనకి కావాల్సింది ఇది. ముప్పై క్వింటాళ్లున్న ఇంట్లో క్వింటాకి వంద రూపాయల తేడా అంటే మూడు వేలు.

నా ఉద్యోగం కంపెనీల అమ్మకాల లెక్కలకి డాష్‌బోర్డులు కట్టడం. అదే పని ఊరి పత్తికి చేసి, పత్తి పండించే మా మామ ఫోన్‌కి పంపుదామని కూర్చున్నాను. వాడింది లుకర్ స్టూడియో. 2022 అక్టోబర్ దాకా దీని పేరు గూగుల్ డేటా స్టూడియో. డబ్బులు కట్టక్కర్లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. చూడటానికి ఫోన్ చాలు, కట్టడానికి మాత్రం ల్యాప్‌టాప్ ఉండాలి.

యార్డుల ధరలు కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్ సైట్‌లో దొరుకుతాయి. వాటిని గూగుల్ షీట్‌లో తేదీ, కనిష్ఠం, గరిష్ఠం, మధ్యస్థం, రాబడి అని ఐదు నిలువు వరసలుగా పెట్టుకోండి. షీట్‌ని లుకర్‌కి కలిపి, పైన ‘యాడ్ ఎ చార్ట్’ నొక్కి, టైమ్ సిరీస్ ఎంచుకోవాలి. కుడివైపు రెండు ట్యాబులు వస్తాయి. ఏ అంకె గియ్యాలో చెప్పేది సెటప్, ఎలా గియ్యాలో చెప్పేది స్టైల్. డైమెన్షన్ దగ్గర తేదీ, మెట్రిక్ దగ్గర మధ్యస్థ ధర పెడితే గీత వచ్చేస్తుంది. రెండు నిమిషాల పని. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

మెట్రిక్ పేరు పక్కన చిన్నగా ‘సమ్’ అని ఉంటుంది. అంకె కనబడితే కూడటం ఇలాంటి టూల్స్‌కి పుట్టుకతో వచ్చిన అలవాటు. అమ్మకాలైతే కూడొచ్చు. ధరని కూడితే? రోజుకో వరస ఉన్నంతసేపూ తేడా తెలియదు. చార్ట్‌ని నెలవారీకి మార్చగానే, యార్డు ఇరవై రోజులు నడిచిన నెలలో ఏడు వేల పత్తి లక్షా నలభై వేలై కూర్చుంటుంది. దాన్ని నొక్కి ‘యావరేజ్’ చెయ్యమని అందరూ చెబుతారు. నన్నడిగితే అది సగం మందే. లెక్క కోసం ఇలా అనుకోండి: ఒకరోజు వంద క్వింటాళ్లు వచ్చి 7,600 పలికింది, మరుసటి రోజు నాలుగు వేల క్వింటాళ్లు వచ్చి 7,000కి పడింది. మామూలు సగటు 7,300. కానీ ఆ రెండు రోజుల్లో దాదాపు అందరూ అమ్ముకుంది ఏడు వేలకే కదా! అందుకే ‘యాడ్ ఎ ఫీల్డ్’లో కొత్త లెక్క రాసుకోవాలి: ధరని రాబడితో గుణించి కూడి, మొత్తం రాబడితో భాగించడం. అప్పుడు 7,015 దగ్గరికి వస్తుంది. రాబడి టన్నుల్లో ఉంటుంది, ధర క్వింటాకి ఉంటుంది. ఈ లెక్కలో దానివల్ల ఇబ్బంది లేదు గానీ, మొత్తం వ్యాపారం విలువ కట్టేటప్పుడు మాత్రం టన్నుకి పది క్వింటాళ్లని మరిచిపోవద్దు.

ఇక సెలవులు. యార్డు మూసిన రోజుకి షీట్‌లో వరసే ఉండదు. అక్కడ ఏం గియ్యాలో మనం చెప్పకపోతే గీత సున్నాకి దూకి, మర్నాడు మళ్లీ పైకి లేస్తుంది. వారానికో గొయ్యి! ఇలాగే పంపిస్తే మా మామ ఏమంటాడో నాకు తెలుసు: “ఏమల్లుడూ, సెలవునాడు మేం పత్తి ఊరికే ఇచ్చినామా ఏంది?” స్టైల్ ట్యాబ్‌లో ‘మిస్సింగ్ డేటా’ అని ఒక చోటుంది. ‘లైన్ టు జీరో’ని తీసేస్తే ఇంకో రెండు దారులున్నాయి. ‘లీనియర్ ఇంటర్‌పొలేషన్’ పెడితే రెండు చివర్లనీ కలిపేస్తుంది, చూడ్డానికి నున్నగా ఉంటుంది. నేను ‘లైన్ బ్రేక్స్’కే ఓటేస్తాను. యార్డు లేని రోజు ధర లేదు, గీత కూడా ఉండకూడదు. పండక్కి వరసగా నాలుగు రోజులు మూస్తే, నున్నటి గీత చూసి ధర మెల్లగా దిగిందనుకుంటాం. నిజానికి తెరిచిన రోజే ఒక్కసారిగా పడి ఉండొచ్చు.

ఈ గీత పక్కన రైతు మనసులో ఇంకో గీత ఎప్పుడూ ఉంటుంది. అదే మద్దతు ధర. స్టైల్‌లోనే ‘యాడ్ ఎ రిఫరెన్స్ లైన్’ నొక్కి, స్థిర విలువగా 8,110 రాయండి. 2025-26 సీజన్‌కి పొడవు పింజ పత్తి మద్దతు ధర అది. మధ్యస్థ పింజకి 7,710. రంగు కాస్త బూడిదగా, గీత చుక్కలుగా పెడితే అసలు ధర గీతతో కొట్లాడదు. ఇప్పుడు చార్ట్ ఒక్క చూపులో మాట్లాడుతుంది: యార్డులో ధర మద్దతు గీతకి పైనుందా, కిందుందా? కిందుంటే సీసీఐ కేంద్రం వైపు చూడాలా? అయితే దీనికింద ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి తేమ సంగతి రాయకపోతే చార్ట్ తప్పుదారి పట్టిస్తుంది. సీసీఐ ఎనిమిది శాతం తేమ దాకానే పూర్తి ధర ఇస్తుంది, ఆపైన కోత పెడుతుంది, పన్నెండు దాటితే తీసుకోదు. వానలో తడిసిన పత్తి గీత కింద పలికితే దాన్నీ, పొడి పత్తినీ ఒకే గాటన కట్టలేం.

నిలువు అక్షం గురించి ఆఫీసుల్లో పెద్ద చర్చలే జరుగుతాయి. లైన్ చార్ట్‌కైతే నేను ‘యాక్సిస్ మిన్’లో 6,000 లాంటి అంకె ధైర్యంగా పెడతాను. సున్నా నుంచి మొదలెడితే వంద రూపాయల కదలిక కంటికి ఆనదు, మామకి కావాల్సిందే ఆ వంద. కడ్డీల చార్ట్‌కి మాత్రం ఈ పని చెయ్యకండి. పొడవు పింజ మద్దతు ధర 2023-24లో 7,020, 2024-25లో 7,521, ఆ తర్వాత 8,110. రెండేళ్లలో పెరిగింది పదిహేనున్నర శాతం. ఇదే కడ్డీల్లో పెట్టి అక్షం 7,000 నుంచి మొదలెట్టారనుకోండి, చివరి కడ్డీ మొదటిదానికంటే యాభై అయిదు రెట్లు పొడుగ్గా లేస్తుంది! అంకెలన్నీ నిజమే, బొమ్మ మాత్రం అబద్ధం. కడ్డీని మనం పొడవుతో కొలుస్తాం కాబట్టి దానికి సున్నా ఉండి తీరాలి. వాట్సాప్‌లో ఎవరైనా కడ్డీల చార్ట్ పంపితే ముందు ఎడమవైపు అడుగున ఏ అంకె ఉందో చూడండి.

చిన్న చిన్నవి రెండు. నెలల పేర్లని తెలుగులో మాటలుగా టైప్ చేస్తే అక్షర క్రమంలో అక్టోబర్ ముందొస్తుంది. పత్తి సీజన్ మొదలయ్యేదీ అక్టోబర్‌లోనే కాబట్టి ‘ఆహా’ అనుకుంటాం. దాని పక్కన ఆగస్టు, ఆ తర్వాత ఏప్రిల్ వచ్చేస్తాయి. తేదీని తేదీగానే ఉంచండి. ఇంకోటి, ‘కాంపాక్ట్ నంబర్స్’ టిక్ పెడితే రెండున్నర లక్షలు కాస్తా 250కె అవుతుంది. ఆ టిక్ తీసేసి, విలువని లక్షతో భాగించి, శీర్షికలో ‘లక్షల్లో’ అని రాస్తే ఊళ్లో ఎవరికీ అనువాదం అక్కర్లేదు.

పత్తి దగ్గర పనికొచ్చిందే బట్ట దగ్గర పనికిరాదు. ఎమ్మిగనూరు చేనేత ఊరు. మాచాని సోమప్ప 1938లో అక్కడ నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. ఆ ఊళ్లో మా ఫ్రెండ్ వాళ్లింట్లో దుప్పట్లు, తువ్వాళ్లు అమ్ముతారు. ఏ రకం ఎంత పోతోందో వాడికి పై చార్ట్‌లో కావాలట, పద్నాలుగు రంగుల్లో. గుండ్రంగా ఉంటే బాగుంటుందిరా అంటాడు. పద్నాలుగు ముక్కల్లో ఆరోది పెద్దదా ఏడోది పెద్దదా అంటే చెప్పగలిగే కన్ను లేదు. అదే సరుకుని అడ్డ కడ్డీల్లో, ఎక్కువ నుంచి తక్కువకి పేర్చి, అన్నీ ఒకే రంగులో ఉంచి, మగ్గం మీద ఇప్పుడున్న రకానికి మాత్రం ముదురు రంగు వేసి చూపించాను. నేతింటి పిల్లాడు కదా, రంగు తగ్గిస్తే ప్రాణం ఒప్పుకోలేదు. ఒక నిమిషం చూసి, “అడుగునున్న నాలుగు రకాలకి నూలు కొనడం ఆపెయ్యొచ్చు కదరా” అన్నాడు. పై చార్ట్‌లో ఆ నాలుగూ సన్నటి చీలికలు, ఎవరికీ ఆనేవి కావు.

పంపే ముందు పేజీ సైజు మార్చండి. పేజీ సెట్టింగ్స్‌లో వెడల్పు 360 పిక్సెళ్లకి తగ్గించి, చార్ట్‌లు పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి పెట్టండి. అక్షరాలు కనీసం 14. షేర్ లింక్‌ని ‘చూడటానికి మాత్రమే’ అని ఉంచండి, లేకపోతే ఎవరి వేలో తగిలి మద్దతు ధర గీత కాస్తా ఎగిరిపోతుంది. మామ ఫోన్‌లో ఆ లింక్‌ని హోమ్ స్క్రీన్ మీదే పెట్టాను, వాట్సాప్ బొమ్మ పక్కనే.