ఊరి బడి – ఉమ్మడి సొత్తు

ఉద్దేశం: గోదావరి డెల్టా గ్రామాలలో పాఠశాలలు ఎవరి ధనంతో వెలిశాయో, విద్యార్థుల ఆటపాటలకు, ప్రతిభకు ఆ ధనం ఎంతవరకు ఆలంబనమైనదో తెలియజేయడం, ప్రజాధనం పట్ల విద్యార్థులలో బాధ్యతను, విచక్షణను పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠశాల అనగానే మనకు గురువు, శిష్యుడు, పుస్తకం స్ఫురిస్తాయి. ఈ మూడింటినీ ఒకచోట నిలిపి ఉంచేది మరొకటి ఉంది. అది ధనం. ధనం మాట విద్య ప్రసంగంలో తేవడం మన పెద్దలకు అంతగా రుచించేది కాదు. అయినా సుద్దముక్క మొదలుకొని జిల్లా పోటీలకు వెళ్ళే క్రీడాకారుని బస్సు ఛార్జీ వరకు ప్రతి ఖర్చునూ ఎవరో ఒకరు భరించవలసిందే. ఆ భరించేవారు ఎవరు? ఆ ధనాన్ని ఎలా వెచ్చించాలో నిర్ణయించేవారు ఎవరు? దానివల్ల ఏ పిల్లలు చదువుకున్నారు, ఏ పిల్లలు గడప బయటే ఉండిపోయారు? ఈ మూడు ప్రశ్నలకు గోదావరి డెల్టా చరిత్రలో చక్కని సమాధానాలు లభిస్తాయి.

రాజదానం నుంచి దసరా కానుక వరకు

11వ శతాబ్దిలో రాజమహేంద్రవరం రాజధానిగా వేంగిని పాలించిన రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టు అనే పండితునికి కోనసీమలోని నందంపూడిని అగ్రహారంగా దానం చేశాడు. మహాభారత రచనలో నన్నయకు తోడ్పడినవాడు ఈ నారాయణభట్టే. ఆ దానశాసనాన్ని రచించినవాడు నన్నయ. ఒక ఊరి పంట ఒక పండితుని విద్యను పోషించడం ఆనాటి పద్ధతి. ధనం ఊరిదే. నిర్ణయం మాత్రం రాజుది. ఆ ఊరిలో పొలం దున్నిన రైతు బిడ్డకు ఆ దానం వల్ల అక్షరాలు వచ్చాయని మాత్రం చెప్పలేం.

తరువాతి కాలంలో సామాన్యుల పిల్లలకు చదువు చెప్పినవి వీథిబడులు. ఏ అరుగు మీదనో, ఏ చెట్టు నీడనో పంతులుగారు పిల్లలచేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. ఎక్కాలు, శతక పద్యాలు వల్లె వేయించేవారు. తల్లిదండ్రులు తమ శక్తి కొద్దీ రొక్కమో, ధాన్యమో ఇచ్చేవారు. దసరా వచ్చిందంటే పిల్లలు కొత్తబట్టలు కట్టుకొని, రంగుకాగితాలు అతికించిన విల్లంబులు పట్టుకొని, పంతులుగారి వెంట ఇంటింటికీ వెళ్ళి పద్యాలు చదివేవారు. గృహస్థులు పంతులుగారికి దక్షిణ, పిల్లలకు పప్పు బెల్లాలు ఇచ్చేవారు.

ఈ వేడుకను కేవలం వినోదంగా భావించరాదు. పిల్లలు ఏడాది పొడవునా నేర్చినదానిని ఊరి ముందు ప్రదర్శించడం అందులో ఉంది. ఊరు దానిని విని సంతోషించి బడికి ధనం సమకూర్చడమూ అందులోనే ఉంది. నేటి పరిభాషలో చెప్పాలంటే వార్షికోత్సవం, ప్రతిభా ప్రదర్శన, నిధుల సేకరణ – మూడూ ఒకే పండుగలో ఇమిడి ఉన్నాయి.

శిస్తుతో పుట్టిన బడులు

19వ శతాబ్ది పూర్వార్ధంలో గోదావరి మండలం క్షామాలతో, వరదలతో, ఉప్పెనలతో కృశించిపోయింది. 1847లో సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం ఆరంభమై 1852 నాటికి పూర్తయింది. కాలువలు పారాయి, చేలు పండాయి, రైతు చేతిలో నాలుగు డబ్బులు నిలిచాయి. పొట్ట నిండిన ఊరు పిల్లల చదువును గురించి ఆలోచించసాగింది.

ఆనాడు నర్సాపురం ప్రాంతానికి సబ్ కలెక్టరుగా ఉన్నవాడు జి. ఎన్. టేలర్. 1854 ప్రాంతంలో ఆయన ప్రోత్సాహంతో నర్సాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో పాఠశాలలు వెలిశాయి. వాటిని చూసిన చుట్టుపక్కల గ్రామాల రైతులు తమకు కూడా బడులు కావాలని కోరారు. వాటి పోషణ నిమిత్తం తమ గ్రామం చెల్లించే భూమిశిస్తుకు ఏటా కొంత మొత్తాన్ని అదనంగా చేర్చి వసూలు చేయవచ్చునని సమ్మతించారు. ప్రభుత్వం అందుకు అంగీకరించింది. ప్రజలు సమకూర్చే ధనానికి తోడుగా ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలని సూచించిన చార్లెస్ వుడ్ విద్యా నివేదిక ఇంగ్లండు నుంచి వెలువడింది కూడా ఆ 1854లోనే. ఈ బడులను ఆనాటి రికార్డులలో 'రేట్ స్కూళ్లు' అన్నారు. ఊరు తనమీద తాను వేసుకొన్న పన్నుతో నడిచిన బడులన్నమాట. నర్సాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాల ఇప్పటికీ ఆ అధికారి పేరును నిలుపుకొని ఉంది.

అయితే ఈ కథలో మరో పార్శ్వం ఉంది. పన్నుకు రైతులందరూ మనస్ఫూర్తిగా సమ్మతించారా, లేక పెత్తందారుల మాటకు తల ఊపారా అన్న సందేహం కొద్దికాలానికే తలెత్తింది. స్వచ్ఛందంగా ఇచ్చినదానిని శిస్తుతో కలిపి వసూలు చేయడం న్యాయసమ్మతమా అన్న ప్రశ్న వచ్చింది. ఆ చిక్కును తొలగించడానికి 1863లో మద్రాసు ప్రభుత్వం ఒక విద్యాచట్టం చేసింది. గోదావరి మండలం వెలుపల ఆ చట్టం పెద్దగా వేళ్లూనలేదు. 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చి ఆ పద్ధతి స్థానాన్ని ఆక్రమించింది. అడిగి తీసుకొన్నప్పుడు ఉత్సాహంగా ఇచ్చిన చేయి, ఆజ్ఞాపించి తీసుకొన్నప్పుడు వెనుకాడుతుందని ఈ ఉదంతం మనకు బోధిస్తుంది.

గడప బయట నిలిచినవారు

శిస్తు ఊరంతా పండించిన పంట మీదిది. పంట పండించడంలో రైతుతో పాటు పాలేరు చెమట, కోతకు వెళ్ళిన కూలి స్త్రీ చెమట కూడా ఉన్నాయి. బడిలో బల్లమీద కూర్చొనే అదృష్టం మాత్రం వారి బిడ్డలకు దక్కలేదు. ఆడపిల్లకు చదువెందుకన్నారు. అస్పృశ్యులుగా ముద్రపడినవారి బిడ్డలను దరిచేరనీయలేదు.

ఈ అన్యాయాన్ని గుర్తించినవారు కొందరు ముందుకు వచ్చారు. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాలను స్థాపించారు. తరువాత 1906లో హితకారిణీ సమాజాన్ని నెలకొల్పి, తమ ఆస్తిని దానికి అంకితం చేశారు. డెల్టాలోని క్రైస్తవ మిషనరీ పాఠశాలలు దళిత వాడలలో అక్షరదీపం వెలిగించాయి. పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరు కాకినాడ కళాశాలకు పోషకులై, రఘుపతి వేంకటరత్నం నాయుడు గారి సంస్కరణ కృషికి అండగా నిలిచారు. తెలుగువారికి 'సూర్యరాయాంధ్ర నిఘంటువు' లభించింది కూడా ఆ మహారాజా పోషణ వల్లనే. పడవల సరుకు వ్యాపారంతో రంగూనులో ధనవంతుడైన మల్లాడి సత్యలింగం నాయకర్ తమ సంపదను విద్యాదానానికి కేటాయించారు. కాకినాడలో ఆయన పేరిట విద్యాసంస్థలు నడుస్తున్నాయి. 1945లో భీమవరంలో కళాశాల నెలకొనడంతో పశ్చిమ డెల్టా గ్రామీణ విద్యార్థికి ఉన్నత విద్య చేరువైంది.

దాత గొప్పవాడే. కాని దాత దయ మీద ఆధారపడిన చదువు దాత ఉన్నచోటనే ఉంటుంది. ప్రతి ఊరికీ ఒక మహారాజు దొరకడు. అందువల్ల చదువు దయాధర్మంగా కాక హక్కుగా మారవలసి వచ్చింది.

బోర్డు బడి, పరిషత్తు బడి

1884 నాటి చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. పల్లెటూళ్లలో 'బోర్డు హైస్కూలు' అన్న మాట అప్పటినుంచి వాడుకలోకి వచ్చి చాలాకాలం నిలిచింది. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలకు విద్యాపన్ను విధించే అధికారాన్ని ఇచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినప్పుడు ఉన్నత పాఠశాలలు పరిషత్తుల పాలనలోకి వచ్చాయి. మన గ్రామాలలోని పాఠశాలల ముఖద్వారం మీద కనిపించే 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అన్న అక్షరాల వెనుక ఉన్న చరిత్ర ఇది.

బడి పాలన మారినా ఊరి చేయి మాత్రం వెనుకకు పోలేదు. ఎన్నో గ్రామాలలో బడి స్థలం ఒక రైతు ఇచ్చినదై ఉంటుంది. తరగతి గది గోడమీద ఒక తల్లి జ్ఞాపకార్థం చెక్కించిన పాలరాతి పలక కనిపిస్తుంది. విదేశాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు కంప్యూటర్లు, పుస్తకాలు పంపుతుంటారు.

అన్నం విషయంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఆకలితో వచ్చిన ప్రతివారికీ వేళ చూడకుండా వండి వడ్డించారు. అది ఒక తల్లి దయ. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత 2003 నుంచి మన రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనం పెట్టసాగారు. అది పిల్లల హక్కు. 2024లో ఆ పథకానికి సీతమ్మ గారి పేరు పెట్టారు. 2025 జనవరిలో దానిని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు కూడా విస్తరింపజేశారు.

ఆటపాటలకు మిగిలేదెంత?

2018లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన సమగ్ర శిక్షా పథకంలో పాఠశాలకు ఏటా ఇవ్వవలసిన గ్రాంటును విద్యార్థుల సంఖ్యను బట్టి నిర్ణయించారు. 100 మందికి పైబడి 250 మంది వరకు ఉన్న బడికి 50,000 రూపాయలు. అంతకు మించి 1,000 మంది వరకు ఉంటే 75,000 రూపాయలు. క్రీడాసామగ్రి నిమిత్తం ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు వేరుగా కేటాయించారు.

200 మంది ఉన్న ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకొందాం. 50,000 రూపాయల గ్రాంటును పంచి చూస్తే ఒక్కొక్క విద్యార్థికి ఏడాదికి 250 రూపాయలు వస్తుంది. అందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకు వెచ్చించాలన్నది నియమం. మిగిలినదానితో సుద్దముక్కలు, రిజిస్టర్లు, విద్యుత్తు బిల్లు, చిన్న మరమ్మతులు గడవాలి. క్రీడాగ్రాంటు ఒక్కొక్కరికి 125 రూపాయలు. బంతులు, వలలు కొనవచ్చు. కబడ్డీ జట్టు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి ఎదిగితే ప్రయాణానికి, బూట్లకు, దారిలో తిండికి ఏది దారి? తరచుగా వ్యాయామోపాధ్యాయుడు తన జేబు తడుముకొంటాడు; లేదా పేద విద్యార్థి 'నాకు ఒంట్లో బాగాలేదు' అని చెప్పి జట్టు నుంచి తప్పుకొంటాడు. ఆ అబద్ధం వెనుక ఉన్న నిజాన్ని గుర్తించిన ఊరే నిజంగా బడిని తనదిగా భావించిన ఊరు.

అవకాశం అందితే పల్లె బిడ్డ ఎంత ఎత్తుకు ఎదుగుతాడో చెప్పడానికి అమలాపురం యువకుడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి చాలు. ఆయన తండ్రి వ్యాయామోపాధ్యాయులు. బాల్యంలో లభించిన ఆ ప్రోత్సాహమే పునాదిగా, చిరాగ్ శెట్టితో జతకట్టి 2022 కామన్వెల్త్ క్రీడలలో, 2023 ఆసియా క్రీడలలో బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్ స్వర్ణ పతకాలు సాధించారు. ఆ బాలునికి ఇంట్లోనే గురువు ఉన్నారు. అలాంటి గురువు ఇంట్లో లేని బాలునికి బడి మైదానమే దిక్కు.

చదువులోనూ ఇంతే. 2008లో ఆరంభమైన జాతీయ ఉపకార వేతన పథకం ప్రకారం, ఎనిమిదో తరగతిలో నిర్వహించే పరీక్షలో ఎంపికైన పేద విద్యార్థికి తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయలు లభిస్తాయి. నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ఒక కూలి కుటుంబంలో బిడ్డ చదువు ఆగిపోకుండా నిలపగల మొత్తమిది. అయితే అటువంటి పరీక్ష ఉందని చెప్పి, దరఖాస్తు నింపించి, సాధన చేయించే ఉపాధ్యాయుడు ఉన్న బడిలోనే ఈ ఫలం అందుతుంది. పథకం ఉన్నంత మాత్రాన ప్రయోజనం కలగదు; దానిని విద్యార్థి చేతికి అందించేవారు ఉండాలి.

లెక్క అడిగే హక్కు

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలను ఏర్పరచింది. వాటిలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను రూపొందించడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో పరిశీలించడం ఈ కమిటీ విధులు. ఒకనాడు ఏ కూలి స్త్రీ బిడ్డకు బడిగడప దాటే అర్హత లేదన్నారో, నేడు ఆ స్త్రీయే కమిటీ సభ్యురాలిగా ఆ బడి లెక్క చూపమని అడగవచ్చు. రాజదానం నాటి నుంచి నేటి వరకు జరిగిన ప్రయాణంలో ఇది అత్యంత విలువైన మజిలీ.

కాని హక్కు కాగితం మీద ఉంటే చాలదు. సంతకం చేయించుకొనేందుకే సభ్యులను పిలిస్తే కమిటీ నామమాత్రమవుతుంది. పంపిన ఆహ్వానాన్ని అందుకొని తల్లిదండ్రులు రాకపోయినా ఫలితం అదే. 1854 నాటి రైతు బడి కోసం అదనపు శిస్తుకు సిద్ధపడ్డాడు. నేటి తల్లిదండ్రులు ధనం ఇవ్వనక్కరలేదు. నెలకు ఒక పూట ఇస్తే చాలు. వచ్చిన సొమ్ము ఎంత, వాడినది ఎంత, ఆటలకు ఎంత, పుస్తకాలకు ఎంత, పోటీకి వెళ్ళలేక ఆగిపోయిన బిడ్డ ఎవరు అని అడిగితే చాలు.

ఆ ప్రశ్నలు అడగవలసినవారిలో మనమూ ఉన్నాం. ఇంటర్మీడియట్ పూర్తిచేసే నాటికి మనలో చాలామంది ఓటుహక్కుకు చేరువవుతాం. మనం చదువుకొన్న బడి ఏదో ఒక ఊరి పంట మీద, ఎవరో ఒకరి పన్ను మీద నడిచింది. దసరానాడు పిల్లల పద్యం విని దోసెడు పప్పు బెల్లాలు పోసిన గృహిణికి, ఆ పద్యం తన వీథిబడిదన్న మమకారం ఉండేది. ఆ మమకారానికి నేటి చట్టం ఇచ్చిన హక్కు తోడైతే ఊరి బడి నిజంగా ఉమ్మడి సొత్తు అవుతుంది.

అభ్యాసం

1. దసరా పండుగనాటి వీథిబడి వేడుకలో ఇమిడి ఉన్న మూడు ప్రయోజనాలను వివరించండి.
2. గోదావరి మండలంలో 'రేట్ స్కూళ్లు' ఏర్పడిన విధానాన్ని, అవి ఎదుర్కొన్న చిక్కులను తెలపండి.
3. 'దాత దయ మీద ఆధారపడిన చదువు దాత ఉన్నచోటనే ఉంటుంది' – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీరు చదివిన పాఠశాల స్థలం, భవనం, గ్రంథాలయం ఎవరి సహాయంతో ఏర్పడ్డాయో పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుట వ్యాసం రాయండి.